తప్పు జెల్‌ది కాదు, వత్తిది

జెల్ కొవ్వొత్తి సరిగ్గా వెలగకపోతే తిట్లన్నీ జెల్‌కే పడతాయి. సరుకు నాసిరకమంటారు, అమ్మినవాడు ముంచాడంటారు, ఇది ఇంట్లో అయ్యే పని కాదని పక్కన పడేస్తారు. గాజు గ్లాసులో రంగురంగులుగా నిలబడే ముద్ద మీదే కళ్లన్నీ ఉంటాయి కాబట్టి, మధ్యలో సన్నగా దిగిన వత్తి మీదికి ఎవరి అనుమానమూ పోదు. నిజానికి ఇంట్లో పోసుకున్న జెల్ కొవ్వొత్తికి వచ్చే జబ్బుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంటుంది. వత్తి ఎంత నూనె పైకి తెస్తోంది, మంట అందులో ఎంత కాల్చుకోగలుగుతోంది? ఈ రెండూ సరితూగితే కొవ్వొత్తి నిలకడగా వెలుగుతుంది. తేడా వస్తే మసి కక్కుతుంది, లేదా ములిగి ఆరిపోతుంది.

అండమాన్‌లో ఈ లెక్కలోకి మరొకటి వచ్చి చేరుతుంది, తేమ. పోర్ట్ బ్లెయిర్‌లోని డిగ్నాబాద్‌నే తీసుకోండి. (2024 సెప్టెంబరు నుంచి పోర్ట్ బ్లెయిర్ అధికారిక పేరు శ్రీ విజయపురం. నోటి వాడుకలో పాత పేరు అంత తొందరగా పోదు లెండి.) ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోటు అది. మే మూడో వారానికల్లా నైరుతి రుతుపవనం దిగుతుంది, అది పోయిందనుకునేలోగా ఈశాన్యం అందుకుంటుంది. గాల్లో తేమ ఏడాది సగటున 80 శాతం దగ్గర ఉంటుంది. హైదరాబాద్ ఎండాకాలంలో చక్కగా వెలిగిన కొవ్వొత్తి, అవే కొలతలతో ఇక్కడ పోస్తే చిటపటలాడుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో 13 శాతానికి పైగా జనం మాతృభాష తెలుగు. వాళ్లలో చాలామంది కుటుంబాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చినవే. వత్తి సంగతి ఈ ఇళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కార్తీకమాసంలో దూది వత్తులు చేసే చేతులకు నూలు గుణం తెలుసు. చిక్కల్లా ఆ తెలివిడితోనే వస్తుంది. ప్రమిదలో నిక్షేపంగా వెలిగే దూది వత్తిని జెల్‌లో నిలబెడితే కాసేపట్లోనే ఒంగి, కరిగిన జెల్‌లో పడి ఆరిపోతుంది. రెండు వత్తులూ చేసే పని ఒకటే, కానీ చేసే తీరులో చాలా తేడా ఉంది.

ముందు ఆ పని సంగతి చూద్దాం. వత్తి మండడం వల్ల దీపం వెలగదు. నూనె గానీ మైనం గానీ ద్రవంగా ఉన్నప్పుడు కూడా మండదు. వత్తి కొనకు చేరి, అక్కడి వేడికి ఆవిరై, ఆ ఆవిరి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసినప్పుడే మంట. మైకేల్ ఫారడే లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1848లోనూ, మళ్లీ 1860-61లోనూ పిల్లల కోసం ఇచ్చిన క్రిస్మస్ ఉపన్యాసాలు మొత్తం ఒక్క కొవ్వొత్తి మీదే నడిచాయి. అందులో ఆయన చూపించిన ఒక సంగతిని ఇంట్లోనే చూడొచ్చు. మామూలు కొవ్వొత్తిని నెమ్మదిగా ఆర్పి, పైకి లేచే తెల్లటి పొగపాయకు రెండు సెంటీమీటర్ల ఎత్తున అగ్గిపుల్ల పెట్టండి. మంట ఆ పాయ వెంట కిందికి దూకి వత్తిని తిరిగి అంటుకుంటుంది. ఆ తెల్లటిది కాలిన వత్తి పొగ కాదు. చల్లబడి గడ్డకడుతున్న మైనపు ఆవిరి.

ద్రవాన్ని కొన దాకా ఎక్కించేది కేశనాళికీయత. నూలుపోగుల మధ్య సన్నటి సందుల్లో తలతన్యత వల్ల నూనె తనంతట తానే పైకి పాకుతుంది. సందు ఎంత సన్నగా ఉంటే అంత ఎత్తుకు ఎక్కుతుంది. తలవెంట్రుక మందం, అంటే మిల్లీమీటరులో పదో వంతు వెడల్పున్న సందులో మినరల్ ఆయిల్ లెక్క ప్రకారం పదమూడు, పద్నాలుగు సెంటీమీటర్లు ఎక్కగలదు. కొవ్వొత్తికి కావలసింది మహా అయితే రెండు సెంటీమీటర్లు. కాబట్టి ఎత్తు ఎప్పుడూ సమస్య కాదు, వేగమే సమస్య. జర్మన్ శాస్త్రవేత్త లూకాస్ 1918లోనూ, అమెరికన్ వాష్‌బర్న్ 1921లోనూ విడివిడిగా తేల్చిన సూత్రం ఇదే చెబుతుంది. ద్రవం ఎంత చిక్కనైతే సందుల్లో అంత నెమ్మదిగా నడుస్తుంది. జెల్ వత్తి కష్టాలన్నీ ఈ ఒక్క మాట దగ్గర మొదలవుతాయి.

జెల్ వ్యాక్స్ అని అమ్మేదాంట్లో అసలు మైనమే లేదు. నూటికి 95 పాళ్ల దాకా పెట్రోలియం నుంచి తీసి శుద్ధి చేసిన మినరల్ ఆయిల్, బేబీ ఆయిల్ సీసాలో ఉండేదే. మిగతాది రబ్బరు జాతి పాలిమర్. అమెరికాలోని పెన్రెకో సంస్థ 1990ల్లో ఈ తరహా పారదర్శక కొవ్వొత్తికి పేటెంటు సంపాదించింది. పాలిమర్ అణువు పొడవాటి గొలుసు. రెండు కొసల్లో స్టైరీన్ ముక్కలు, నడుమ మెత్తటి రబ్బరు భాగం. నడుమ భాగానికి నూనె అంటే ఇష్టం, పీల్చుకుని ఉబ్బుతుంది. కొసలకు నూనె గిట్టదు, అవి ఒకదాన్నొకటి పట్టుకుని ముడులు వేసుకుంటాయి. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ జెట్టీ మీద ఆరేసిన వల గుర్తు తెచ్చుకోండి. ముడులు స్టైరీన్ కొసలు, దారాలు రబ్బరు, కళ్లలో చిక్కుకున్నది నూనె. గ్లాసును వంచినా ఒలకకుండా కదలడం ఆ వల వల్లే.

స్టైరీన్ ముడులు వదులు కావాలంటే వేడి 100 డిగ్రీల సెల్సియస్ పరిసరాలకు చేరాలి. పారఫిన్ మైనం 55 - 65 డిగ్రీలకే నీళ్లలా కరుగుతుంది. తేడా ఇక్కడే. మైనపు కొవ్వొత్తి మంట కింద పల్చటి ద్రవం ఉంటుంది, జెల్ మంట కింద అంతకంటే ఎక్కువ వేడెక్కిన చిక్కటి పాకం ఉంటుంది. పైగా అందులోని పాలిమర్ నూనెలాగా మర్యాదగా ఆవిరైపోదు. కొంత వత్తి సందుల్లోనే మిగిలి మాడుతుంది. అందుకే ఒకే వెడల్పు గ్లాసుకు మైనంలో వాడే వత్తి జెల్‌కు చాలదు, ఒక సైజు పెద్దది కావాలి. ఇంట్లో చేసేవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే. మామూలు కొవ్వొత్తి కిట్‌లో మిగిలిన వత్తినే దీనికీ దింపేస్తారు.

పెద్దదైతే చాలదు, నిటారుగా కూడా నిలబడాలి. ప్రమిద వత్తికి ఆ అవసరం లేదు. అంచు మీద పడుకుని ఉంటుంది, నూనె ముందే ద్రవంగా ఉంటుంది, కొన నల్లబడితే మనమే పుల్లతో ఎగదోస్తాం. ఐరోపా కొవ్వొత్తులు కూడా ఒకప్పుడు ఇలాగే మనిషి చేతికి పని పెట్టేవి. దగ్గర కత్తెర పెట్టుకుని మాడిన కొనను మాటిమాటికీ కత్తిరించాల్సి వచ్చేది. 1825లో ఫ్రాన్స్‌లో కాంబసెరెస్ వత్తిని జడలా అల్లాడు. అల్లికలోని బిగువు వల్ల వత్తి కొన కాలే కొద్దీ పక్కకు వంగి మంట అంచులోకి చేరుతుంది. అక్కడ వేడి ఎక్కువ, ఆక్సిజన్ దొరుకుతుంది, కొన బూడిదై రాలిపోతుంది. ఈ రోజు వాడే కొవ్వొత్తి వత్తులకు మూలం ఆ అల్లికే.

జెల్‌లో మాత్రం అల్లిక ఒక్కటీ చాలదు. వేడి పాకంలో నూలు మెత్తబడి ఒరిగిపోతుంది. అందుకని నడిమిన సన్నటి జింక్ తీగ ఉన్న వత్తి వాడతారు. జింక్ 419 డిగ్రీలకు కరుగుతుంది కాబట్టి పాకంలో చెక్కుచెదరదు, మంటలోకి వెళ్లిన కొన మాత్రం కరిగి తరుగుతూ పోతుంది. ప్యాకెట్ల మీద 44-24-18, 51-32-18, 60-44-18 లాంటి అంకెలు కనిపిస్తాయి. మొదటి అంకె పెరిగితే వత్తి లావు పెరిగినట్టు. ఐదారు సెంటీమీటర్ల వెడల్పు గ్లాసుకు మొదటిది, ఏడు దాకా రెండోది, ఎనిమిదికి మూడోది అనుకుని మొదలుపెట్టొచ్చు. మొదలుపెట్టడానికే సుమా. జెల్ చిక్కదనం, కలిపిన సువాసన, గ్లాసు గోడ మందం, ఇవన్నీ ఆ లెక్కను మార్చేస్తాయి. గ్లాసు ఇంకా వెడల్పైతే ఒక్క లావు వత్తి కన్నా రెండు మధ్యరకం వత్తులు నయం. అయితే రెండు మంటలు ఒకదాన్నొకటి వేడెక్కిస్తాయి కాబట్టి వాటిని మరింత జాగ్రత్తగా పరీక్షించాలి.

లోహపు తీగ అనగానే సీసం గుర్తుకొస్తుంది. ఆ భయం ఉత్తిది కాదు. ఒకప్పుడు వత్తుల్లో సీసపు తీగలు ఉండేవి, మండేటప్పుడు సీసం గాల్లో కలిసేది. అమెరికా 2003లో వాటిని నిషేధించింది. పేరూ ఊరూ లేని ప్యాకెట్ చేతికొస్తే నూలు విప్పి తీగ కొసను తెల్ల కాగితం మీద గట్టిగా గీయండి. పెన్సిల్ గీతలా బూడిదరంగు చార పడితే అది సీసం కావచ్చు, పారేయండి. జింక్ అలా చార వేయదు.

ఇప్పుడు తేమ దగ్గరికి వద్దాం. డిగ్నాబాద్‌లో అసలు ముడి ఇక్కడే ఉంది. నూలు చూడ్డానికి పొడిగా ఉన్నా గాల్లోంచి నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది. వానాకాలంలో దాని బరువులో పదో వంతుకు పైగా నీరే ఉండొచ్చు. పది సెంటీమీటర్ల వత్తిలో 0.1 గ్రాము నూలు ఉందనుకుందాం. అందులో నీరు 10 మిల్లీగ్రాములు, చూడబోతే చుక్క కూడా కాదు. కానీ అది ఆవిరైతే 17 మిల్లీలీటర్లు, మూడు టీస్పూన్ల పైమాట. వంద డిగ్రీల జెల్‌ను పోసిన క్షణంలో ఆ ఆవిరంతా ఎటు పోవాలి? పైకి రాలేక వత్తి చుట్టూ బుడగలుగా నిలిచిపోతుంది. మిగిలిన తేమ వెలిగించాక తన ప్రతాపం చూపిస్తుంది. మంట చిటపటమంటుంది, ఎగిరెగిరి పడుతుంది, ఒక్కోసారి వేడి జెల్ తుంపర చిందుతుంది.

విరుగుడు తేలికే. వత్తిని గ్లాసులో పెట్టకముందే విడిగా కరిగించిన జెల్‌లో ముంచాలి. ముంచగానే వత్తి పొడవునా సూదిమొనంత బుడగలు వరస కట్టి పైకి లేస్తాయి. మొదట గబగబా, తర్వాత ఒకటీ అరా. అవి పూర్తిగా ఆగేదాకా తీయకూడదు. వెళ్లిపోతున్నది నూలు సందుల్లోని గాలి, దాంతోపాటు తేమ. ఆ ఖాళీల్లోకి జెల్ దూరుతుంది, కాబట్టి మొదటిసారి వెలిగించినప్పుడే మంటకు ఇంధనం సిద్ధంగా ఉంటుంది. తీసి, రెండు వేళ్లతో సాగదీసి, నిటారుగా ఆరనివ్వాలి. షాపులో ముందే మైనం పూసిన వత్తి దొరుకుతుంది, దాన్ని జెల్‌కు వాడకపోవడమే మంచిది. వేడికి ఆ మైనం ఊడి వత్తి చుట్టూ తెల్లటి మబ్బులా పరుచుకుంటుంది, పారదర్శకత పోతుంది. వాడని వత్తులను గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచుకోవాలి. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే ఆ పొట్లాలు ఇన్నాళ్లకు ఒక పనికొస్తాయి.

పనిలో పని, కరిగించడం గురించి ఒక మాట. మైనాన్ని వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించడం అందరికీ అలవాటు. జెల్‌కు అది పనిచేయదు, ఎందుకంటే నీళ్లు 100 డిగ్రీలు దాటవు, జెల్ పల్చబడేది అక్కడి నుంచే. సన్నటి సెగ మీద నేరుగా పెట్టి, థర్మామీటరు చూసుకుంటూ, 105 డిగ్రీల దగ్గర ఆపాలి. పక్కనే గిన్నెకు సరిపడే మూత ఉండాలి. అంటుకుంటే మూత వేసి ఆర్పాలి. నీళ్లు చల్లితే నూనె మంట కాబట్టి ఇల్లే అంటుకుంటుంది.

ఇక వెలిగించిన కొవ్వొత్తిని పరీక్షించడం. మంటను చూసి వత్తి సంగతి చెప్పొచ్చు. మంటలో పసుపు వెలుగంతా వేడెక్కి మెరుస్తున్న కార్బన్ రేణువులదే. హంఫ్రీ డేవీ 1810లలోనే ఇది చెప్పాడు. ఆ రేణువులు మంట పైఅంచు చేరేలోగా పూర్తిగా కాలిపోతే మసి రాదు. వత్తి లావై నూనె ఎక్కువ తెస్తే మంట పొడుగవుతుంది, లోపలికి చాలినంత ఆక్సిజన్ చొరబడదు, కాలని రేణువులు పైకి తప్పించుకుంటాయి. ఆముదం దీపం మీద రాగిపళ్లెం బోర్లించి కాటుక పట్టేటప్పుడు మనకు కావలసింది ఇదే. కొవ్వొత్తి గ్లాసు అంచు మీద మాత్రం అక్కర్లేదు. వత్తి కొన మీద పుట్టగొడుగులా నల్లటి గుబ్బ పెరిగినా కారణం ఇదే, మోతాదుకు మించిన ఇంధనం. ముందు ఆరు మిల్లీమీటర్లకు కత్తిరించి చూడాలి. కత్తిరించినా మళ్లీ అదే తంతు అయితే ఒక సైజు తగ్గించాలి.

అయితే మసి కనిపించగానే వత్తిని తప్పుపట్టేముందు తలెత్తి పైకి చూడండి. ఈ ఊళ్లో సీలింగ్ ఫ్యాను తిరగని గది ఉంటుందా? ఫ్యాను గాలికి, కిటికీలోంచి వచ్చే సముద్రపు గాలికి మంట ఊగిసలాడుతుంది. ఊగిన ప్రతిసారీ ఇంధనానికీ గాలికీ కుదిరిన పొత్తు చెడి కొంత మసి బయటపడుతుంది. సరైన వత్తి కూడా ఫ్యాను కింద మసి వేస్తుంది. పరీక్ష చేసేటప్పుడు ఫ్యాను ఆపి, కిటికీ మూసి, చెమట ఓర్చుకోక తప్పదు.

మంట చిన్నబోయి ములిగిపోవడం మరింత తిరకాసు జబ్బు. దానికి రెండు కారణాలు ఉండొచ్చు, వాటి మందులు వేరు. వత్తి సన్నదై లేదా మరీ పొట్టిగా కత్తిరించడం వల్ల, అది తాగే దానికన్నా ఎక్కువ జెల్ కరిగి మంటను ముంచొచ్చు. లేదా వత్తి సైజు సరిగ్గానే ఉండి, సందులు పూడుకుపోయి ఉండొచ్చు. తేల్చుకోవాలంటే ఆర్పేసి, కాస్త చల్లారనిచ్చి, వత్తి చుట్టూ గుంటలోని జెల్‌ను చెంచాతో తీసేసి మళ్లీ వెలిగించాలి. మంట పుంజుకుని నిలబడితే వత్తి సన్నదన్నమాట. గుంట ఖాళీగా ఉన్నా మంట నీరసంగానే ఉంటే పూడుకుపోయిందన్నమాట.

పూడిక ఎక్కణ్నుంచి వస్తుంది? ఎక్కువగా రంగుల నుంచి. పిల్లల క్రేయాన్ ముక్క వేసి రంగు తెప్పించే చిట్కా ఒకటి బాగా తిరుగుతోంది. క్రేయాన్‌లో ఉన్నది కరగని రంగుపొడి. పసుపు, కుంకుమ, మెరుపు పొడి కూడా అంతే. ఆ రేణువులు నూనెతో పాటు ప్రయాణించి వత్తి నోట్లో అడ్డం పడతాయి. నూనెలో పూర్తిగా కరిగే కొవ్వొత్తి రంగు రవ్వంత చాలు. సువాసన విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. వెనిలా ఎసెన్స్ లాంటి వంటింటి ద్రవాల్లో నీరో ఆల్కహాలో ఉంటుంది, అవి జెల్‌లో కలవవు. కొవ్వొత్తి సువాసన తైలాలు కూడా అన్నీ జెల్‌కు సరిపోవు. ఒక పాలు తైలం, మూడు పాళ్లు మినరల్ ఆయిల్ చిన్న సీసాలో కలిపి ఊపి చూడాలి. తేటగా ఉంటే సరే. మబ్బు పట్టినా, పొరలుగా విడిపోయినా వాడొద్దు. జెల్‌లో కలవని తైలం అక్కడక్కడా గూళ్లు కట్టుకుని ఉంటుంది, మంట అక్కడికి చేరినప్పుడు భగ్గుమంటుంది. తైలం అంటుకునే ఉష్ణోగ్రత 77 డిగ్రీల కన్నా తక్కువుంటే అది జెల్ కోసం కాదు.

సరైన వత్తి దొరకబట్టడానికి అడ్డదారి లేదు. ఒకే రకం గ్లాసులు మూడు, ఒకే వాయిలో కరిగిన జెల్, మూడు సైజుల వత్తులు. అడుగున చీటీ అంటించి, వంటింటి డిజిటల్ తూకం మీద బరువు రాసుకుని, రెండు గంటలు వెలిగించి మళ్లీ తూచాలి. గంటకు ఎన్ని గ్రాములు కాలిందో తెలిస్తే కంటి అంచనాతో పని ఉండదు. మామూలు కొవ్వొత్తి మంట దాదాపు 80 వాట్ల వేడినిస్తుంది, ఆ వేడి తగిలే గాజు కూడా మామూలుది కాకూడదు. చెయ్యి ఆనించలేనంత కాలితే ఆ గ్లాసుకు ఆ వత్తి పెద్దది. వత్తి అడుగున బిగించే రేకు బిళ్లకు పొడుగు మెడ ఉన్నది ఎంచుకోవాలి. జెల్ అడుగంటే వేళకు మంట ఆ మెడ దగ్గరే ఆగి, అడుగు గాజును తాకకుండా ఆరిపోతుంది.

చివరగా గవ్వలు. అండమాన్‌లో జెల్ కొవ్వొత్తి అంటే అడుగున ఇసుక, పైన గవ్వలు, నీలిరంగు సముద్రం. పర్యాటకులు కొనేది అదే. అలంకారంలో కొబ్బరిపీచు, ఎండిన ఆకు, కొట్టుకొచ్చిన కర్రముక్క వేయాలని చెయ్యి లాగుతుంది. అవన్నీ సందులున్న వస్తువులు, నూనె పీల్చుకుంటాయి. అంటే గ్లాసులో మీకు తెలియకుండా మరో వత్తి పెట్టినట్టే. అసలు మంట దాని దగ్గరికి దిగిన రోజు అది కూడా అంటుకుంటుంది. గవ్వ, గాజుపూస, ఇసుక అంటుకోవు కాబట్టి అవే క్షేమం. గవ్వలన్నీ ఏరుకోదగ్గవీ కావు. 2001లో పగడాలతో పాటు నాటిలస్, కొమ్ముల హెల్మెట్ శంఖం, ట్రైటన్ శంఖం లాంటి ఎన్నో జాతులు వన్యప్రాణి సంరక్షణ చట్టం పట్టికల్లో చేరాయి. పగడపు ముక్కను కొవ్వొత్తిలో పెట్టి అమ్మితే కొన్నవాళ్లు విమానాశ్రయంలోనే ఇబ్బందిలో పడొచ్చు. లైసెన్సున్న దుకాణంలో కొన్న మామూలు గవ్వలను ఉప్పు పోయేదాకా మంచినీళ్లలో నానబెట్టి, బాగా ఎండబెట్టి, మెలికల్లో దాగిన గాలి బయటికొచ్చేలా వత్తికి చేసినట్టే ఒకసారి వేడి జెల్‌లో ముంచి తీయాలి. తర్వాత గాజు గోడకు ఆనించి, వత్తికి కనీసం రెండున్నర సెంటీమీటర్ల దూరంలో పేర్చుకుని, అప్పుడు జెల్ పోయాలి.